‘బస్తెడంత గింజ’ పద్యానికి టీకా తాత్పర్యం

బస్తెడంత గింజ పట్టించి తొట్టిలో
వేడి నీరు పోసి వేచి యున్న
రెండు రెట్ల ఘాటు రెండింతలకు రాదు
గింజ తాగినాక గిన్నెకేది?

అవతారిక

ఇది చాటువు. చాటువుకు కర్త ఉండడు, ఉన్నా ఒప్పుకోడు. సందర్భం మాత్రం స్పష్టమే. ఇంట్లో బీరు కాచుకునే ఒకానొకడికి మామూలు బీరు మీద మొహం మొత్తింది. బార్లీ వైను అనే పది శాతం పైబడిన ఘాటు సరుకు కాచాలని సంకల్పించి, ఉన్న తొట్టిలోనే గింజంతా కుమ్మరించి, భంగపడి, ఈ పద్యం చెప్పాడు.

కవి నివాసం అమెరికా అని వ్యాఖ్యాత నిర్ణయం. ఆధారమేమంటే, మన దగ్గర లైసెన్సు లేకుండా ఇంట్లో ఈ పని చేస్తే 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం పద్యం బదులు పంచనామా వచ్చేది. అమెరికాలో 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకంతో ఇంటి బీరుకు కేంద్ర చట్టం దారి ఇచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరుంటే ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరే అయితే 100 కాచుకోవచ్చు, అమ్మకూడదు. అక్కడా అలబామా, మిసిసిపీ 2013 దాకా ఒప్పుకోలేదు. కాబట్టి కవి ఆ రెండు రాష్ట్రాలవాడైతే పద్యం 2013 తర్వాతిదని కాలనిర్ణయం చేయవచ్చు. పీహెచ్‌డీలు ఇంతకంటే తక్కువ ఆధారాల మీద వచ్చాయి.

ప్రతిపదార్థం

బస్తెడంత = బస్తా నిండా పట్టేటంత; గింజ = మొలకెత్తించి, ఎండబెట్టి, మరలో పగలగొట్టిన బార్లీని, అనగా మాల్టును; తొట్టిలో = అడుగున జల్లెడ, పక్కన కుళాయి అమర్చిన, వేడి నిలిపే కూలరు డబ్బాలో; పట్టించి = ఇరికించి; వేడి నీరు పోసి = తగుపాటి వేడిగల నీటిని కలిపి; వేచి యున్న = గంటన్నర నిరీక్షించినను; రెండు రెట్ల ఘాటు = మామూలు బీరుకు రెండింతల బలము; రెండింతలకు = రెండింతల గింజకు; రాదు = లభింపదు; గింజ = ఆ గింజయే; తాగినాక = తన వాటా పీల్చుకొన్న పిమ్మట; గిన్నెకు = మరిగించు పాత్రకు; ఏది = మిగులునది ఏది?

తాత్పర్యం

ఘాటు రెట్టింపు కావాలంటే గింజ రెట్టింపు చేస్తే చాలదు. గింజ పెరిగేకొద్దీ అది పట్టుకుని కూర్చునే తీపి నీరు పెరుగుతుంది, కడగడానికి పోసే నీటికి చోటు తగ్గుతుంది. అందుచేత చివర వేసిన కిలో, మొదట వేసిన కిలో ఇచ్చినంత ఇవ్వదు.

విశేషాలు

‘బస్తెడంత’ – ఇది శుద్ధ అతిశయోక్తి. మాల్టు బస్తా 25 కిలోలు. ఇంటివాళ్లు వాడే గుండ్రటి కూలరు 10 గ్యాలన్లది, అంటే 38 లీటర్లు. కిలో గింజకు 2.6 లీటర్ల నీళ్లు పోయడం పరిపాటి. నీళ్లలో మునిగిన కిలో గింజ తానుగా మరో 0.67 లీటరు చోటు తింటుంది. ఈ లెక్కన బస్తాకు 82 లీటర్ల తొట్టి కావాలి. మన కవి తొట్టిలో 11 కిలోలకు మించి పట్టదు. పద్యంలో ‘పదికిలోల గింజ’ అంటే గణాలూ యతీ రెండూ చక్కగా సరిపోతాయి. అయినా అతిశయం కోసం పదిహేను కిలోలు అబద్ధమాడటం మన సాహిత్యంలో పెద్ద నేరమేమీ కాదు.

‘రెండు రెట్ల ఘాటు’ – పద్యానికి ప్రాణమిక్కడే ఉంది గనుక కొంత ఆగాలి. నీటి సాంద్రత 1.000 అనుకుంటే, మరిగించి చల్లార్చిన మామూలు మాల్టు రసం హైడ్రోమీటరు మీద 1.050 దగ్గర తేలుతుంది. బార్లీ వైనుకు 1.100 కావాలి. 1.050ని 50 పాయింట్లనీ, 1.100ని 100 పాయింట్లనీ అంటారు. కిలో మాల్టును ఆఖరి బొట్టు దాకా పిండగలిగితే లీటరు లెక్కన సుమారు 300 పాయింట్లు. కవి కాచేది 19 లీటర్లు అనుకుందాం, అమెరికా ఇళ్లలో కొలత అదే. మామూలు బీరుకు 950 పాయింట్లు చాలు. నూటికి 75 వంతులు రాబట్టగలిగితే 4.2 కిలోల గింజతో పని అవుతుంది. ఘాటు బీరుకు 1900 పాయింట్లు. అదే 75 వంతులు దక్కితే 8.4 కిలోలు, అంటే సరిగ్గా రెండింతలు. కానీ దక్కవు. అంత గింజతో 60 దాకా పడిపోవడం మామూలే, అప్పుడు 10.5 కిలోలు, అనగా రెండున్నర రెట్లు. ఆ అర రెట్టు దగ్గరే కవి కడుపు మండింది.

‘గింజ తాగినాక’ – ఆ అర రెట్టు ఎటు పోయిందో ఈ పదంలో ఉంది. కిలో గింజ ఇంచుమించు లీటరు నీరు పీల్చుకుని వదలదు. మామూలు బీరులో 4.2 కిలోలకు 11 లీటర్లు పోస్తే కుళాయి కింద 7 లీటర్ల లోపు దిగుతుంది. మరిగించే గిన్నెలోకి 26 లీటర్లు కావాలి గనుక మిగతా 19 లీటర్లూ కొత్త వేడినీళ్లు పోసి గింజను కడుగుతాం. బార్లీ వైనులో 10.5 కిలోలకు 27 లీటర్లు పోస్తే 17 దాకా దిగుతుంది. కడగడానికి మిగిలేది 9 లీటర్లే. నాలుగు కిలోల గింజకు 19 లీటర్ల స్నానం, పది కిలోల గింజకు 9 లీటర్ల స్నానం. గింజలో చిక్కుకున్న ఆ పది లీటర్లూ మంచినీళ్లు కావు, చిక్కటి చక్కెర నీళ్లు.

ఇక్కడ ఒక పూర్వ వ్యాఖ్యాత ‘తాగినాక’ అనగా కవి తాగిన తర్వాత అని అర్థం చెప్పాడు. అది పొసగదు. కర్త గింజయే.

‘వేడి నీరు’ – ఎంత వేడి అని కవి చెప్పలేదు, చెప్పవలసింది. గింజలోని పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు ముఖ్యంగా రెండు. బీటా అమైలేజ్ పిండి గొలుసును కొస నుంచి రెండేసి గ్లూకోజుల చొప్పున కత్తిరిస్తుంది. ఈస్టుకు ప్రియమైన మాల్టోజ్ అలా వస్తుంది. ఆల్ఫా అమైలేజ్ నడుమ ఎక్కడ పడితే అక్కడ తెంపుతుంది. బీటాది సుకుమార దేహం, 65 డిగ్రీలు దాటితే నీరసిస్తుంది. ఘాటు బీరుకు 64, 65 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచాలనేది అందుకే. లేకపోతే ఈస్టు తినలేని చక్కెర మిగిలి బీరు పాకంలా నాలుకకు అంటుకుంటుంది. గింజ 20 డిగ్రీలు ఉన్నప్పుడు తొట్టి 65 దగ్గర నిలవాలంటే నీరు 72 ఉండాలి. మిషిగన్ జనవరిలో గ్యారేజీలోని గింజ 5 డిగ్రీలకు దిగి ఉంటే 74.5. తొట్టి కొంత వేడి మింగుతుంది, ముందే వేడినీళ్లు పోసి ఒంపేయాలి.

పోసేటప్పుడు కొంచెం గింజ, కొంచెం నీరు, కలపడం. మళ్లీ గింజ, మళ్లీ నీరు. పదికిలోలు ఒక్కసారే దించితే ఉండలు కడతాయి. ఉండను గరిటెతో చిదిపితే లోపల పిండి పొడిగా, తెల్లగా, నీరు సోకకుండా బయటపడుతుంది. అందులోని పిండి చక్కెర కానట్టే. అన్నట్టు, కూలరును నింపకముందే బల్ల మీదికి ఎక్కించుకోవాలి. నిండాక అందులోని గింజా నీళ్లే 38 కిలోలు. అప్పుడు ఎత్తబోయినవాళ్లకు ఈ వ్యాఖ్య ఉపయోగపడదు.

కుళాయి విషయం కవి పూర్తిగా దాటేశాడు. లోతైన గింజ తన బరువుకు తానే కుదించుకుపోతుంది. కుళాయి ఒక్కసారిగా తిప్పితే పొట్టు జల్లెడ మీద అట్టకట్టి ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోతుంది. సన్నగా తిప్పి, మొదట దిగే మడ్డి రంగు రసాన్ని జగ్గులో పట్టి మళ్లీ పైన పోస్తూ ఉంటే కాసేపటికి పిండి నలకలు పోయి రసం తేటపడుతుంది. గోధుమ, రై, ఓట్స్ కలిపినవాళ్లకు ఈ కష్టం ఇంకా ఎక్కువ, ఓట్స్ తప్ప ఆ గింజలకు పొట్టు ఉండదు, ఓట్స్‌ది బంక గుణం. వాళ్లు గింజలో పావుకిలో, అరకిలో ఊక కలుపుతారు. అవును, వరి ఊకే. రుచి లేదు, చక్కెర లేదు, నీటికి దారి ఇస్తుంది, అంతే. మన రైసు మిల్లుల్లో బాయిలర్ల కింద తగలేసే ఊకను అక్కడ హోమ్‌బ్రూ దుకాణాలు పొట్లం కట్టి డాలర్లకు అమ్ముతాయి. మిల్లు ఉన్న ఊరి నుంచి వెళ్లినవాడు ఆ బిల్లు చూసి పద్యం చెప్పకుండా ఎలా ఉన్నాడో అర్థం కాదు.

మతభేదాలు

కవి ప్రశ్న వేసి ఊరుకున్నాడు. సమాధానం చెప్పినవారు మూడు తెగలు. మరుగు మతంవారు ఎక్కువ నీళ్లతో గింజను బాగా కడిగి, ఆ నీటిని మరిగించి ఇగర్చమంటారు. కిలో, కిలోన్నర గింజ కలిసిరావచ్చు. గంటకు నాలుగు లీటర్ల చొప్పున ఆవిరి చేస్తూ నాలుగు గంటలు గ్యాసు మండాలి. రసం రంగు ముదురుతుంది, గ్యారేజీ గోడలు చెమరుస్తాయి. ద్విస్నాన మతంవారు సగం గింజ నానబెట్టి, దిగిన రసాన్నే నీటికి బదులుగా మిగతా సగం గింజ మీద పోస్తారు. పని జరుగుతుంది, ఆదివారం గడిచిపోతుంది. పొడి మతంవారు అందరికంటే తెలివైనవారు: ఏడున్నర కిలోల గింజతో 1.080 దగ్గర ఆగి, ఎండు మాల్టు పొడి ఒక కిలో మరిగే రసంలో కలిపేస్తారు, 19 పాయింట్లు కూర్చున్నచోటే లేస్తాయి. మిగతా రెండు తెగలు వీళ్లను కులభ్రష్టులుగా చూస్తాయి. గ్లాసులో పోశాక ఎవరిది ఏదో చెప్పమంటే మాత్రం నోరు మెదపవు.

పాఠాంతరం

నాలుగో పాదానికి ఇంకో పాఠం ఉంది: ‘గింజ కడిగినాక గిన్నె నిండు’. ఛందస్సుకు లోటు లేదు, అర్థం తలకిందులు. ఇది ఇంగ్లండు సంప్రదాయంవారు దిద్దినది. అక్కడ పద్దెనిమిదో శతాబ్దపు పల్లె దొరల ఇళ్లలో అక్టోబరులో ఘాటు బీరు కాచి ఏళ్ల తరబడి దాచేవారు. అదే గింజ మీద మళ్లీ నీళ్లు పోసి తీసిన పలుచటి స్మాల్ బీరు నౌకర్లకు, పిల్లలకు రోజువారీ పానీయం. కొబ్బరి పాలలో మొదటి పాలు, రెండో పాలు వేరుచేసినట్టే. లండన్ చిజిక్‌లో ఫుల్లర్స్ కంపెనీ ఇదే పద్ధతిని పెంచి, చిక్కటి రసాన్నీ పలుచటి రసాన్నీ వేర్వేరుగా మరిగించి, వేర్వేరు పాళ్లలో కలిపి, ఒకే గింజ నుంచి 8.5 శాతం గోల్డెన్ ప్రైడ్‌నూ, దానికి సగం ఘాటుండే లండన్ ప్రైడ్‌నూ తీసేది.

వ్యాఖ్యాత పక్షం ఈ పాఠం వైపే. బ్రూయర్ల పాత లెక్క ఒకటుంది: మొదట దిగే మూడోవంతు రసంలోనే చక్కెరలో సగం ఉంటుంది. మొదటి మూడోవంతు ఘాటు బీరుకు, తర్వాతి రెండు వంతులు దానిలో సగం బలమున్న బీరుకు. గింజ ఏమీ దాచుకోదు, 75 వంతులూ చేతికొస్తాయి. నష్టపోయేది ఘాటు బీరు పరిమాణమే, 19 లీటర్లు కాస్తా పది అవుతుంది. పది శాతం పైబడిన బీరు 19 లీటర్లు ఏ ఇంటికి కావాలో ఏ వ్యాఖ్యాతా ఇంతవరకు చెప్పలేదు.

మూలపాఠంలోని కవి 19 లీటర్లూ కావాలన్నాడు కాబట్టి అతనికి గిన్నె నిండలేదు. పాఠాంతరంలోని కవికి నిండింది. అయితే రెండో గిన్నెకు విడిగా పొయ్యి, చేదుకు విడిగా హాప్స్, విడిగా ఈస్టు కావాలి; ఆ ఖర్చు సంగతి రెండు పాఠాల్లోనూ లేదు.