బిల్ గేట్స్ గారికి బీదరికం కోచింగ్

ఇరవై ఏళ్లట! పేపర్లో నాకు కాలింది అక్కడే. ఉన్నదాంట్లో 99 శాతం పంచేస్తానని, ఫౌండేషన్ తలుపులు 2045 డిసెంబరు 31న మూసేస్తానని, ధనవంతుడిగా పోయాడన్న మాట మాత్రం పడనని బిల్ గేట్స్ శపథం పట్టాడు. సంతోషం. కానీ బీదవాడు కావడానికి ఇరవై ఏళ్లెందుకయ్యా? మా ఖమ్మం మిర్చి రైతు సంక్రాంతికి మొదలుపెట్టి ఉగాదికల్లా ముగిస్తాడు. పైగా పంచగా మిగిలే ఆ ఒక్క శాతమే మన లెక్కలో తొమ్మిది వేల కోట్లు!

పాపం, పెద్దమనిషికి దారి చూపేవాళ్లు లేరు. అందుకే అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో, మూడో అంతస్తులో ఒక గది మాట్లాడాను. పాత జావా బోర్డు పీకించి కొత్తది పెట్టించాను: "బీదరికం – ఫాస్ట్ ట్రాక్ బ్యాచ్. నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్. డెమో క్లాసు ఉచితం." గదిలో పది కంప్యూటర్లున్నాయి, పదింట్లోనూ విండోసే. ఒరిజినలేనా అని ఆయన అడిగేలోపు మెయిన్ కట్టేయమని ఆఫీస్ బాయ్‌కి చెప్పి ఉంచాను. ఎందుకంటే 1976లో, ఇరవై ఏళ్ల వయసులో, తన సాఫ్ట్‌వేర్‌ని డబ్బు కట్టకుండా వాడుకుంటున్న కుర్రాళ్లను దొంగలంటూ బహిరంగ లేఖ రాసిన మనిషి. అంత పట్టుదల ఉన్నవాడికి మా సెంటర్లో అడుగు పెట్టగానే బీపీ పెరగడం మంచిది కాదు.

అడ్మిషన్ ఫారం చూస్తేనే నాకు గుండె జారింది. నాన్న పేరున్న లాయరు. అమ్మ బ్యాంకు బోర్డులో డైరెక్టరు. 1968లోనే కంప్యూటర్ టెర్మినల్ ఉన్న ప్రైవేటు బడి. ఇంత బలహీనమైన పునాదితో వచ్చిన విద్యార్థిని బీదరికంలో పాస్ చేయించడం ఎవరి తరం? ఒక్కచోట ఆశ కలిగింది, హార్వర్డులో చదువు మధ్యలో మానేశాడని. మావైపు డిగ్రీ మధ్యలో మానేసినవాళ్లకు బీదరికం దాదాపు గ్యారంటీ. కానీ మానేసి ఈయన చేసిందేమిటి? సియాటిల్లో ఒక చిన్న కంపెనీ రాసుకున్న సిస్టమ్‌ని అంతా కలిపి 75 వేల డాలర్లకు కొని, దానికి ఎంఎస్-డాస్ అని కొత్త పేరు పెట్టి ఐబీఎంకి అందించాడు. అందిస్తూ, ఇంకెవరికైనా అమ్ముకునే హక్కు తన దగ్గరే అట్టిపెట్టుకున్నాడు. నిజానికి ఫ్యాకల్టీగా రావలసింది ఆ 75 వేలకు అమ్ముకున్నాయన.

కోర్టు పాఠంలోనూ ఇదే కథ. 1998లో అమెరికా సర్కారు గుత్తాధిపత్యం కేసు పెడితే, వీడియో కెమెరా ముందు కూర్చుని, ప్రశ్నలోని మాటలకు అర్థమేమిటని సర్కారు లాయరునే తిప్పి అడిగాడు. కంపెనీని రెండు ముక్కలు చేయమని 2000లో జడ్జి తీర్పిస్తే, మరుసటేడు అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. మా సిలబస్ ప్రకారం బీదవాడు బోనెక్కితే "చిత్తం దొరా" అనాలి, వాయిదాకు రావడానికి బస్సు ఛార్జీ అప్పు చేయాలి. మార్కులు సున్నా.

సరే, డెమో క్లాసు. మొదటి ఫ్యాకల్టీ మధిర వైపు నుంచి వచ్చిన కౌలు రైతు. మిర్చి వేశాడు. క్వింటాలు 11,781 రూపాయల దగ్గర ధర నిలబెడతామని కేంద్రం పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌కు కబురు చెప్పేసరికే ఆయన కోర్సు పూర్తయిపోయింది.

"సారూ, మీకెన్నెకరాలు?" అనడిగాడు హాజరు వేసుకుంటూ.

"సాగుభూమి మాత్రమేనా? రెండు లక్షల నలభై రెండు వేలు."

చాక్‌పీసు కింద పడింది. అమెరికాలో ఏ ఒక్కరి చేతిలోనూ అంత సాగుభూమి లేదని అక్కడి భూముల పత్రిక 2021లో లెక్క తేల్చిన సంగతి నేను ఫ్యాకల్టీకి ముందే చెప్పి ఉండాల్సింది. రైతు వేళ్ల మీద లెక్క కట్టాడు. ఆ భూమే మన దగ్గరుంటే, ఎకరానికి 12 వేల చొప్పున రైతు భరోసా ఏడాదికి 290 కోట్లు. దున్నేది ఎవరైనా, పడేది పట్టా ఉన్నాయన ఖాతాలోనే.

"సారూ," అన్నాడు గొంతు తగ్గించి, "ఓ మూడెకరాలు కౌలుకిస్తరా?"

క్లాసు అక్కడితో రద్దయింది. గురువు శిష్యుడి దగ్గర కౌలుకు కుదిరితే సెంటరు పరువేం కాను?

రెండో ఫ్యాకల్టీ మధ్యతరగతి తండ్రి. ఇద్దరు పిల్లలు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో, ప్రీలాంచ్ ఫ్లాటుకు కట్టిన డబ్బు గాల్లో, నాన్నగారు ఐసీయూలో. ఆయన పాఠం పావుగంటలో అయిపోయింది, చెప్పడానికి తీరిక లేక. బయట వడ్డీవ్యాపారి నిలబడి ఉన్నాడు.

అసలు చిక్కు ప్రాక్టీసు దగ్గర వచ్చింది. కూర్చుని తింటే కొండలైనా తరుగుతాయని మనవాళ్లన్నారు కదా, ఈయన కొండ మాట వినదు. 2010లో వారెన్ బఫెట్‌తో కలిసి, ఆస్తిలో సగానికి పైగా ఇచ్చేద్దాం రండని తోటి కుబేరుల చేత ఒట్టు వేయించేనాటికి ఈయన దగ్గరున్నది 53 బిలియన్ డాలర్లు. పదిహేనేళ్లు రెండు చేతులా ఇచ్చాడు. నడుమ విడాకులూ అయ్యాయి. 2025 నాటికి ఎంతైంది? సుమారు 108. ఇచ్చేకొద్దీ పెరిగేది విద్య ఒక్కటేనని చిన్నప్పుడు మాకు పాఠం చెప్పిన మాస్టారు స్టాక్ మార్కెట్ చూడలేదు.

ఈయన ఇవ్వలేనిది ఒకటుంది. 2021 ఏప్రిల్‌లో, ఇక్కడ మనవాళ్లు సిలిండర్ల కోసం ఆసుపత్రుల గేట్ల దగ్గర పడిగాపులు పడుతుండగా, కోవిడ్ టీకా తయారీ రహస్యం అందరితో పంచుకుంటే మేలు కదా అని ఒక టీవీ వాళ్లు అడిగితే, వద్దన్నాడు. తర్వాత ఫౌండేషన్ కాస్త మెత్తబడిందనుకోండి. డబ్బు అడిగితే ఇస్తాడు, హక్కు అడిగితే 1976 నాటి కుర్రాడు లేచి కూర్చుంటాడు.

వెటకారం పక్కన పెట్టి ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. పసిపిల్లల విరేచనాలకు అడ్డుపడే రోటావైరస్ టీకా ఒక డాలరుకు మన జీనోమ్ వ్యాలీలోనే తయారైందంటే అందులో ఆయన డబ్బుంది. పోలియోను తరిమిన ఖర్చులోనూ ఉంది. అవి చిన్న విషయాలు కావు. కోట లాంటి ఇంట్లో ఉంటూ చిల్లిగవ్వ విదల్చని మన స్వదేశీ కుబేరులు చాలామంది ఆ పాటి కూడా చేయలేదు.

అయినా చివరి పేపరు మిగిలి ఉంది. దాని పేరు సంతకం. జేబులో డబ్బు లేకపోవడం మొదటి సెమిస్టరు పాఠం, అది ఎవరికైనా వస్తుంది. కన్నబిడ్డ ఒంట్లోకి సూది దిగుతుంటే, తల్లిదండ్రుల్ని ఒక మాట అడగాలని ఎవరికీ తోచకపోవడం ఆఖరి సెమిస్టరు.

ఆ పరీక్ష మా ఖమ్మం జిల్లాలో 2009లోనే జరిగింది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు, దాదాపు 14 వేల మంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ, డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, చేయి కలిపింది ఐసీఎంఆర్, తలుపు తీసింది అప్పటి మన ఉమ్మడి రాష్ట్ర సర్కారు. తర్వాత ఖమ్మంలో ఐదుగురు పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ సంఘం చెప్పింది. ఆ టీకా మంచిదే, ఆడపిల్లలకు అవసరమే. నాకు దానితో పేచీ లేదు. కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ అంగీకార పత్రాలు తిరగేసింది. చూసిన 9,543 ఫారాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 ఫారాల మీద అమ్మ లేదు, నాన్న లేడు. వార్డెనో హెడ్మాస్టరో గార్డియన్ గీత మీద సంతకం గీకేశారు.

రెండు వేల ఏడు వందల అరవై మూడు ఇళ్లు! ఆ ఇళ్లలో తల్లులున్నారు. వాళ్లకు నోరుంది, భాషుంది, పోడు భూమిలో ఎండకు నిలబడే కాళ్లున్నాయి. పిలిస్తే వచ్చేవారు. పిలవలేదు. సియాటిల్లో మానిటర్ల మీద ప్రతి డోసుకూ లెక్క ఉంటుంది, ప్రతి డాలరుకూ ఫలితం కొలుస్తారు. ఆ పిల్లల అమ్మల్ని అడిగారా లేదా అన్న గడి ఏ ఎక్సెల్ షీటులోనూ ఎందుకు లేదు? మన సర్కారుకు సిగ్గు లేకపోతే సరి, లోకాన్ని ఉద్ధరించేవాళ్లకు ఏమైంది? 2045లో ఫౌండేషన్‌కు తాళం పడేనాటికి ఆ పిల్లలకు యాభై దగ్గర పడతాయి. అప్పటిలోగా 200 బిలియన్లు ఖర్చు పెడతానంటున్నారు. మన లెక్కలో 17 లక్షల కోట్లు. అందులో ఆశ్రమ పాఠశాల నుంచి కోయగూడేనికి వెళ్లి, ఆ ఫారం తల్లి ముందు ఆమె భాషలో చదివి వినిపించి రావడానికి షేర్ ఆటో ఛార్జీ ఏ పద్దు కింద రాశారు సారూ?