వస్త్రపరిశోధకులు మా బావగారు

ఉద్యోగవిరమణానంతరము హబ్సిగూడలో ఇల్లు కట్టుకొని, ఉదయముననే ఉస్మానియా విశ్వవిద్యాలయపు చెట్లనీడల షికారు చేయు పెద్దమనుష్యులలో కొందఱు మోకాళ్ల నొప్పులనుగూర్చియు, కొందఱు అమెరికాలోని మనుమలనుగూర్చియు ముచ్చటించుచుందురు గాని, మా అక్కను పెండ్లాడి నాకు బావగారైన మహానుభావులు ఎదుటివారి గుడ్డలనుగూర్చి తప్ప వేఱొక మాట పలుకరు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనము నెదుట నిలిచియు, ఆ కమానుల వైభవమును విడిచి, మెట్లపై కూర్చున్న కుఱ్ఱవాని జీన్సు మోకాటి చిరుగు సహజమో కృత్రిమమో తేల్చుటకు వంగి చూచునంతటి ఏకాగ్రత వారిది.

మనకు నమస్కారము పెట్టుచున్నట్లే యుండును. మఱుక్షణమున మన చొక్కా చెఱగు వారి బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నలుగుచుండును. తార్నాకలో ఒక పెండ్లిలో, పోచంపల్లి చీర కట్టితినని మురియుచున్న పెండ్లికొడుకు పినతల్లిని సమీపించి, "అమ్మా, కొంగొకసారి తిరగవేయుదురా?" అని వినయముగ నడిగి, వెనుకవైపు రంగు వెలవెలబోవుట గాంచి, చిటికి పనిలో నూలునకే కట్లు గట్టి రంగులు ముంచి పిదప నేయుదురు గావున రెండువైపుల రంగొక్కటిగ నుండవలెననియు, పూవుల యంచులు ఇంచుక చెదరియుండవలెననియు, ఇది అచ్చువేసిన గుడ్డయే యనియు వివరించిరి. ఆ పినతల్లి నేటివఱకు మాకొక శుభలేఖ పంపలేదు.

ఉస్మానియాలో మానవశాస్త్రము బోధించిన హైమెన్‌డార్ఫ్ దొరగారు ఆదిలాబాదు మార్లవాయిలో గోండుల నడుమ కాపురముండియే వారినిగూర్చి వ్రాసిరనియు, శ్యామాచరణ దూబేగారు షామీర్‌పేటను అంత దగ్గఱగా పరిశీలించినందుననే 1955లో ఆ పల్లెపై వెలువరించిన గ్రంథము పేరుగాంచినదనియు చెప్పి, "కలిసి యుండక మనుష్యులు తెలియరయ్యా" అనుచు, పెండ్లిండ్ల రోజులు రాగానే వారు పెట్టెతో మా యింట దిగుదురు. గోండులు దొరగారికి పూటపూట కాఫీ యిచ్చిరో లేదో గాని, మేమిచ్చుచున్నాము.

అట్లు దిగినప్పుడే, మా మామగారు పెండ్లినాడు నాకు పెట్టిన పట్టుకండువా కుచ్చునుండి పోగొకటి లాగి, అగ్గిపుల్ల గీచి అంటించిరి. అసలు పట్టయినచో వెండ్రుక కాలిన వాసనతో మాడి, నలిపినంతనే పొడికావలయునట. నాది కరగి నల్లని పూసవలె గట్టిపడినది. "ఇది పురుగు నోట పుట్టినది కాదయ్యా, ఫ్యాక్టరీలో పుట్టినది" అని గట్టిగా ప్రకటించిరి. వంటింటిలోనున్న నా భార్య చెవిని ఆ మాట పడినది. ఆ రాత్రి పులుసులో ఉప్పు లేదు.

అయినను వారిపై పూర్తిగా కోపము నిలువదు. హబ్సిగూడ సంతలో కొత్తిమీర కట్టకై పావుగంట బేరమాడు ఈ మనిషే, చేనేత ప్రదర్శనలో నేతగాడు చెప్పిన వెలకు మాఱుమాటాడక డబ్బు లెక్కించి యిచ్చును. ప్రక్కనెవరైన బేరమాడినచో పడుగు పేకల పాఠము మొదలుపెట్టును.

ఇట్టివారి సాంగత్యము ఊరక పోదు. మొన్న తార్నాకలో ఎక్కిన ఆర్టీసీ బస్సులో, నా ముందు నిలిచిన పెద్దమనిషి చొక్కాపై పూవుల యంచులు చెదరియున్నవో లేదో నిశ్చయించుకొనుటకై మెడ చాచి, వ్రేలితో మెల్లగ తాకి చూచితిని. ఆయన ఒక చేత జేబును అదిమిపట్టుకొని, రెండవ చేయి యెత్తి కండక్టరును పిలిచెను.