బస్తా కోస్తాడు, రేటు చెప్పడు

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి వ్యాపారి బస్తా కోసి, గుప్పెడు కాయ తీసి, విరిచి, వాసన చూసి ఇది తేజ, ఇది వండర్‌హాట్, ఇది చపాటా అంటాడు. ఆ నోటితోనే రేటూ చెబుతాడు. రేటు చెప్పలేనివాడు బస్తా కోస్తే హమాలీలే ఊరుకోరు.

ఇప్పుడు మన ఊరికి ఇంకో రకం బేరగాడు వచ్చాడు. ఈయన కోయించేది క్యాన్సర్ గడ్డను, దాని జీన్లు చదివి తగిన మందు చెబుతానని. 2017 నవంబరులో అమెరికా 324 జీన్లను ఒకేసారి చదివే పరీక్షకు అనుమతి ఇచ్చింది. అప్పటినుంచి జీన్ల వేలంపాటే: మూడు వందలు ఒకటోసారి, ఐదు వందలు రెండోసారి!

ఇంతా చేసి, చదవాల్సిన ముక్క ఎలా ప్రయాణం చేస్తుందో చూశారా? నేను చూశాను. ఆవకాయ ఖాళీ అయిన సీసా, మూతకింద పాలిథిన్ కవరు, లోపల ఫార్మలిన్ అనబడే నీళ్లు, అందులో మునిగీ మునగని ముక్క. పేషెంటు తమ్ముడు దాన్ని ఒళ్లో పెట్టుకుని హన్మకొండ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కాడు. ముక్కను వెంటనే, సరిగ్గా కలిపిన పది శాతం ఫార్మలిన్‌లో వేయకపోతే డీఎన్‌ఏ తునాతునకలవుతుంది. కొన్ని వారాలకు కాయితం వచ్చింది: నమూనా చాలలేదట. కట్టిన డబ్బు మాత్రం చాలింది.

నమూనా చాలినవాళ్ల ముచ్చట వేరు. పుస్తకమంత రిపోర్టు. పేజీల కొద్దీ ‘ప్రాముఖ్యం తెలియని మార్పు’లు. పోల్చి చూసే జన్యు ఖజానాలో ఎక్కువ భాగం తెల్లవాళ్లది; నర్సంపేట రైతు జీను అందులో కనబడకపోతే తప్పు రైతుదే మరి! చివర్లో ఒక మందు పేరు. అది పట్టుకుని ఒకామె డాక్టరును అడిగింది:

“గీ మందు ఏడ దొరుకుతది సారూ?”

“అమెరికాలో ట్రయల్స్ నడుస్తున్నయమ్మా.”

బస్సు ఎన్ని గంటలకని ఆమె అడగలేదు, నయం.

మందు దొరికినచోట మాత్రం ఏమైంది? ఫ్రాన్స్‌లో మామూలు మందులు పనిచేయని రోగుల మీద ‘శివా’ అనే ట్రయల్ చేశారు. 2015లో ఫలితం వచ్చింది. జీన్లు చూసి మందిస్తే జబ్బు ముదరకుండా ఆగింది 2.3 నెలలు, డాక్టరు తన అనుభవంతో ఇస్తే 2.0. తేడా తొమ్మిది రోజులు, అదీ లెక్కకు నిలవలేదు. మన వేయిస్తంభాల గుడి శివయ్యకు చెప్పుకున్నా అంతకంటే ఉదారంగా ఇచ్చేవాడేమో.

జీన్లు చదవడం దండగ అనను. సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్‌లో ఒకే ఒక్క లోపం పట్టుకున్నారు. దానికి మందు ఇమాటినిబ్, 2001లో వచ్చింది. అప్పట్లో నెలకు లక్ష దాటే ఆ మందును హైదరాబాద్ కంపెనీ నాట్కో ‘వీనాట్’ పేరుతో దాదాపు పదో వంతుకు దించింది. అదీ చదువంటే: లోపం దొరికింది, మాత్ర దొరికింది, మనిషి దక్కాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే, రొమ్ము క్యాన్సర్‌కు హెర్2, ఈ జీన్లు ముందు చూడాలి. వాటిని చూడకుండానే వందల జీన్ల పాట పాడేవాడితోనే నా పేచీ.

కాబట్టి సంతకం పెట్టేముందు ఒక్క మాట అడగండి. ఏ మార్పు కనబడితే ఏ మందు రాస్తరు, అది వరంగల్‌ల ఏ మెడికల్ షాపుల, నెలకు ఎంతకు దొరుకుతది? జవాబు రాకపోతే బస్తా కోయనీయకండి.