మూడడుగుల మనిషికి పదడుగుల గోడ

హైటెక్ సిటీ చుట్టుపక్కల ఏ ఫ్లాటుకు వెళ్లినా అన్నిటికంటే ముస్తాబైన గది పిల్లల గదే. ఆ గదిలో అందరికంటే తక్కువసేపు ఉండేది కూడా పిల్లలే. కొండాపూర్ నుంచి కోకాపేట దాకా, నల్లగండ్ల నుంచి మణికొండ దాకా నమూనా ఇంచుమించు ఒకటే. ఒక గోడకు నీలాకాశం, అందులో ఆ ఇంట్లో ఎవరూ ఎక్కని హాట్ ఎయిర్ బెలూన్. పక్క గోడకు ఒక చెట్టు, చెట్టు పక్కన ఎందుకో నవ్వుతున్న జిరాఫీ. ఫాల్స్ సీలింగులో నెలవంక, దాని అంచు వెంబడి కోవ్ లైటు, చుట్టూ రేడియం చుక్కలు. కారు ఆకారంలో మంచం. కారు ఉత్తుత్తిదే గానీ దాని ఈఎంఐ మాత్రం నిజం. రాత్రి తొమ్మిదిన్నరయ్యేసరికి ఆ కారు యజమాని మాస్టర్ బెడ్‌రూమ్‌లో అమ్మానాన్నల మధ్య అడ్డంగా పడుకుని, ఒక కాలు నాన్న పొట్ట మీద వేసి, ఒక చెయ్యి అమ్మ జుట్టులో దూర్చి గాఢనిద్రలో ఉంటాడు. నేను చెప్పదలచుకున్నది ఇంతే: ఈ రంగుల గది పిల్లల కోసం చేయించింది కాదు, పెద్దల కోసం చేయించుకున్నది. అందులో తప్పేమీ లేదు. ఖర్చు ఎవరి పద్దు కింద రాయాలన్నదే పేచీ.

మరి ఆ గదిలో ఉండేదెవరు? 2020 తర్వాత మొదటి హక్కు వర్క్ ఫ్రమ్ హోమ్‌ది. తలుపు వేసుకోగలిగి, లోపల ఒక బల్లా కుర్చీ ఉన్న గది ఇంట్లో అదొక్కటే కాబట్టి, అమెరికాలో తెల్లవారే వేళకు అమ్మో నాన్నో లాప్‌టాప్ పట్టుకుని అందులో దూరతారు. సర్వరు పడిపోయిందని గంభీరంగా వివరిస్తున్న మనిషి తల వెనక ఒక యునికార్న్ ఇంద్రధనుస్సు మీద నడుస్తూ ఉంటుంది. ఊరి నుంచి తాతగారు వస్తే ఆయన పడక కూడా అక్కడే. ఆరడుగుల మనిషి ఐదడుగుల కారులో పడుకుని, కాళ్లు బానెట్ దాటించి, మధ్యరాత్రి ఒత్తిగిలినప్పుడల్లా స్టీరింగు మోచేతికి తగిలి ఉలిక్కిపడుతూ ఉంటాడు. వానాకాలంలో బాల్కనీలో ఆరని బట్టల స్టాండు సంగతి చెప్పనక్కరలేదు. ఇప్పుడు లెక్క చూడండి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం ధర వంద కోట్లు దాటింది. ఆ చుట్టుపక్కల టవర్లలో చదరపు అడుగు పదివేలే అనుకున్నా, పది బై పన్నెండు గది విలువ 12 లక్షలు. తువ్వాళ్లు ఇంత ఖరీదైన చోట ఆరడం ఇంతకు ముందు ఎక్కడైనా జరిగి ఉంటే అది పక్కనున్న గోల్కొండ కోటలోనే జరిగి ఉండాలి.

ఈ గది మోజుకు ఒక చిరునామా వెతికితే, అది కూడా దగ్గర్లోనే దొరుకుతుంది. ఐకియా మన దేశంలో తన మొదటి దుకాణాన్ని 2018 ఆగస్టు 9న తెరిచింది ఇక్కడే, మైండ్‌స్పేస్ కూడలి దగ్గర. నాలుగు లక్షల చదరపు అడుగులు, ఏడున్నర వేల రకాల వస్తువులు, వెయ్యిమంది ఒకేసారి కూర్చుని తినే హోటలు. ఆదివారం పూట అక్కడ అమర్చి పెట్టిన పిల్లల గదుల ముందు నిలబడి ‘ఎంత ముద్దుగా ఉందో’ అనని తల్లి లేదు. ముద్దుగా ఎందుకుండదు? అందులో తాతగారు లేరు, ఇస్త్రీకి వెళ్లాల్సిన మూట లేదు, మూల బియ్యం బస్తా లేదు. అసలు ఆ గదిలో పిల్లలే లేరు. అమ్మేవాళ్లను తప్పుపట్టి లాభం లేదు, వాళ్లు గది అమ్ముతున్నారు. అలవాటు మాత్రం మనం మన ఇంటి నుంచే తీసుకెళ్లాలి. పసిపిల్లను వేరే గదిలో పడుకోబెట్టడమన్నది మన ఇళ్లలో పెద్దగా ఎరగని పద్ధతి. 2010లో వెలువడిన ఒక పరిశోధన 17 దేశాల్లో మూడేళ్లలోపు పిల్లలు సుమారు 29 వేల మంది నిద్ర అలవాట్లను ఆరా తీసింది. మన దేశం కూడా కలిసిన ఆసియా దేశాల్లో పిల్లలు పెద్దల గదిలో, పెద్దల పక్కలో పడుకోవడం పాశ్చాత్య దేశాల కంటే చాలా ఎక్కువని అందులో తేలింది. మన అమ్మమ్మలను అడిగితే పరిశోధన ఖర్చు మిగిలేది, అది వేరే విషయం.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది: ‘పిల్లలకు స్వతంత్రంగా ఉండడం అలవాటు కావద్దా?’ కావాలి. ఐదో ఏటో ఏడో ఏటో పిల్ల తన గదికి తను వెళ్లడం మంచిదే. అయితే ఆ వెళ్లడంలో పెయింటు పాత్ర ఎంత? చీకట్లో ఒంటరిగా ఉన్న పిల్లకు కావలసింది పిలిస్తే పలికే మనిషి. పగలు నవ్వే జిరాఫీ రాత్రి నైట్ ల్యాంప్ వెలుగులో ఎలా ఉంటుందో డిజైనరు పంపే త్రీడీ బొమ్మల్లో కనబడదు. ఆ బొమ్మలన్నీ మిట్టమధ్యాహ్నం గీసినవే.

ఇక కళ్ల సంగతి. పుట్టబోయే బిడ్డ కోసం ముందే లేత గులాబీ, లేత నీలం గదులు తయారు చేయించేవాళ్లున్నారు. అప్పుడే పుట్టిన బిడ్డకు స్పష్టంగా కనబడేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం, అంటే చంక నుంచి తల్లి ముఖం దాకా. రంగుల తేడాలు బాగా తెలియడానికి నాలుగైదు నెలలు పడుతుంది. అప్పటిదాకా ఆ కళ్లకు ఆనేది నలుపు తెలుపుల వంటి గట్టి తేడా. అమ్మ పెట్టే కాటుక బొట్టు కనబడినంతగా లేత గులాబీ, లేత నీలం కనబడవు. (ఆడపిల్లకు గులాబీ, మగపిల్లాడికి నీలం అన్న నియమం కూడా ఆకాశం నుంచి దిగలేదు. 1918లో అమెరికాలో పిల్లల బట్టల వ్యాపారుల పత్రిక ఒకటి సరిగ్గా తలకిందులుగా సలహా ఇచ్చింది.) సరే, బిడ్డ పెద్దదైంది, మూడేళ్లొచ్చాయి. మూడేళ్ల పిల్ల ఎత్తు సగటున 95 సెంటీమీటర్లు, మూడడుగుల పైన ఒక అంగుళం. కళ్లు ఇంకా కింద. బెలూన్ ఎక్కడుంది? ఆరడుగుల మీద. జిరాఫీ ముఖం? ఏడడుగుల మీద. నెలవంక పదడుగుల మీద. ఆ పిల్లకు ఎదురుగా కనబడేవి స్కర్టింగు, అడుగు ఎత్తులో ఉన్న ప్లగ్ పాయింటు, మంచం కింది దుమ్ము, చెట్టు కాండం. బొమ్మలన్నీ ఎవరి కంటి ఎత్తులో ఉన్నాయో చూస్తే గది ఎవరిదో తెలిసిపోతుంది. గృహప్రవేశానికి వచ్చిన బాబాయి కంటి ఎత్తులో ఉన్నాయి, డాలస్‌లో ఉన్న అక్కకు వీడియో కాల్‌లో చూపించే ఫోను ఎత్తులో ఉన్నాయి.

అదే సమయంలో పిల్ల తన అలంకరణ తను చేసుకుంటూనే ఉంటుంది, వేరే చోట. హాల్లో, సోఫా వెనక, తెల్లగోడ మీద, నేలకు అడుగు నుంచి మూడడుగుల మధ్య. ఎర్ర క్రేయానుతో గుండ్రంగా ఒక అమ్మ, అమ్మ తలలోంచే పుట్టుకొచ్చిన రెండు చేతులు, పక్కన ఏనుగో స్కూటరో తేలని ఒక జీవి. పాతిక వేలు పోసి వేయించిన బొమ్మను చూపించి మురిసిన ఇల్లే ఈ బొమ్మను చూసి గుండె బాదుకుంటుంది. మరకలు తుడిస్తే పోయే పెయింటుకు టీవీలో ప్రకటనలు అన్నేసి వస్తున్నాయంటే, పిల్లలకు ఏ గోడ మీద హక్కు ఉందో కంపెనీలకు తెలుసు. తల్లిదండ్రులే ఇంకా ఒప్పుకోలేదు.

‘రంగులుంటే మెదడు చురుగ్గా ఎదుగుతుంది’ అన్నది ఇంకో వాదన, సాధారణంగా అమ్మేవాళ్ల నోటి వెంట వస్తుంది. ఈ మాటను పరీక్షించినవాళ్లు లేకపోలేదు. 2014లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు కొన్ని పాఠాలు గోడనిండా బొమ్మలున్న గదిలో, కొన్ని బోడి గోడల గదిలో చెప్పించారు. బొమ్మల గదిలో పిల్లలు దిక్కులు చూసిన సమయం దాదాపు 39 శాతం, బోడి గదిలో 28 శాతం. పాఠం ఎక్కింది కూడా బోడి గదిలోనే ఎక్కువ. అది తరగతి గది, ఇది పడకగది, పిల్లలు కూడా పాతికమందికి మించలేదు, కాబట్టి దీన్ని పట్టుకుని గోడలన్నిటికీ సున్నం కొట్టమనడం అన్యాయం. దిక్కులు చూడడం పిల్లల హక్కు అని కూడా నేను నమ్ముతాను. కానీ రంగు వేయిస్తే ర్యాంకు వస్తుందన్న లెక్క మాత్రం కుదరదు. ఈ ఐటీ కారిడార్‌లో ఇంకో వింత ఉంది. ఇక్కడి ఆఫీసుల్లోకి వెళితే బీన్‌బ్యాగులు, ఉయ్యాల కుర్చీలు, ఫూస్‌బాల్ బల్ల, నారింజ గోడలు, మధ్యాహ్నం చిరుతిళ్లు. పిల్లల గదిలోకి వెళితే స్టడీ టేబుల్, గుండ్రంగా తిరిగే కుర్చీ, సాఫ్ట్ బోర్డు మీద టైంటేబుల్. ముప్పై ఐదేళ్లవాళ్లకు బాలవాడి, ఐదేళ్లవాళ్లకు ఆఫీసు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం చివరిది: ‘మాకు లేనిది వాళ్లకైనా ఉండనీ.’ దీన్ని నవ్వి కొట్టిపారేయలేం. సైబర్ టవర్స్ 1998లో మొదలైంది. ఆ తర్వాత ఇక్కడికి వచ్చిన వాళ్లలో చాలామంది సున్నం గోడలూ, వాటి మీద బ్యాంకు క్యాలెండరూ, నలుగురు అక్కచెల్లెళ్లతో పంచుకున్న బొంత ఎరిగినవాళ్లు. ఆ పైన రెండేళ్లు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో రెండంతస్తుల ఇనుప మంచం మీద ఎంసెట్‌కు చదివినవాళ్లు. ఇప్పుడు అదే రెండంతస్తుల మంచానికి జారుడుబల్ల తగిలించి, బంక్ బెడ్ అని పేరు పెట్టి లక్ష పోసి కొంటున్నారు. ఏ మంచం నుంచి తప్పించుకోవడానికి ఎంసెట్ రాశారో ఆ మంచమే! ఆ ముచ్చట తీర్చుకోవడం న్యాయమే, కానీ అది వాళ్ల ముచ్చట. పిల్లవాడి ముచ్చట వేరే ఉంటుంది, పైగా అది నిలకడగా ఉండదు. గోడ నిండా డైనోసార్లు వేయించిన పెయింటరు నిచ్చెన మడిచేలోపు వాడు స్పైడర్‌మ్యాన్ వైపు మారిపోతాడు. ఛోటా భీమ్‌ను 2008 నుంచి తయారుచేసి దేశమంతటికీ పంపుతున్నది హైదరాబాద్ స్టూడియోనే. అయినా మన గోడల మీద లండన్ కార్టూన్ పంది ఉంటుంది. వాడేమో ఇవేవీ పట్టించుకోకుండా ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెలో కాపురం పెడతాడు.

రంగులే వద్దని నా ఉద్దేశం కాదు. మనవాళ్లు రంగును గోడకు కాక చేతికిచ్చారు, అంతే తేడా. ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ యంత్రం మీద తిప్పుతూ రంగు కలిపిన లక్కను అద్దితే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. అలా వచ్చిన లక్కపిడతలు పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో పిల్ల గుప్పెట్లో ఇమిడే వంటిల్లు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. విత్తనాల నుంచి, ఆకుల నుంచి తీసిన రంగులు వాడినవి నోట్లో పెట్టుకున్నా కంగారుండదు. గోడ విషయంలో ఆ ధీమా లేదు. పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదన్న నియమం మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అందుకని డబ్బా మీద షేడ్ పేరు చదివే ముందు సీసం సంగతి చదవండి, వాసన పోయేదాకా కిటికీలు తెరిచి ఉంచండి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు ఈ తలనొప్పి లేదు. ఓనరు మేకు కొట్టనివ్వడు, స్టిక్కరు పీకితే పెయింటు లేచి అడ్వాన్సులో కోత పడుతుంది. వాళ్ల పిల్లలకు చార్టు కాగితాలూ టేపూ మిగులుతాయి, ఆటకు అవే ఎక్కువ.

కొత్తిల్లు చేయించుకునేవాళ్లకు ఒక్క విన్నపం. డిజైనరు కొటేషన్ పంపినప్పుడు, కింది మూడడుగులు ఖాళీగా వదిలేస్తే ఎంత తగ్గుతుందో అడగండి. తగ్గిన డబ్బులో కడిగితే పోయే పెయింటు ఒక డబ్బా, క్రేయాన్లు నాలుగు పెట్టెలు వస్తాయి. వాటితో ఏం చేయాలో ఎవరూ నేర్పనక్కరలేదు. పైన మిగిలిన ఏడడుగుల్లో మీకు నచ్చింది వేయించుకోండి, అవి మీవే.