ఇయ్యాల ఎంత పడ్డది?

నేను వర్షమాపకాన్ని. కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డిలో, మండల ఆఫీసు ఆవరణలో, చెట్టూ గోడా అడ్డురాని చోట నా కాపురం. ఆఫీసువాళ్లు రెయిన్‌గేజ్ అంటారు, కంచె పక్కన నిలబడే రైతులు వానడబ్బా అంటారు. నన్ను ఈ నేలలో పాతినప్పుడు ఇది నిజామాబాద్ జిల్లా. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడ్డాక నా రిజిస్టరు మీద జిల్లా పేరు మారింది. నన్ను అడిగే ప్రశ్న మాత్రం మారలేదు: "ఇయ్యాల ఎంత పడ్డది?"

నాది ఫైబరు ఒళ్లు. పైన గరాటు, దాని కింద సీసా, అడుగున భూమిలో పాతిన పీఠం. నేల మీద పడి ఎగిరిన చినుకు నాలోకి రాకుండా నా అంచును 30 సెంటీమీటర్ల ఎత్తున ఉంచారు. చేరిన నీళ్లు ఎండకు ఆవిరి కాకుండా గరాటు మెడను సన్నగా చేశారు. నా మూతి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు. ఒక మిల్లీమీటరు వానకు నా సీసాలో చేరేది 20 మిల్లీలీటర్లే. అదే వాన ఎకరం మడిలో పడితే నాలుగు వేల లీటర్లు. రోజూ పొద్దున 8:30కి సీసాలో నీళ్లను గీతలున్న గాజు గ్లాసులో పోసి చూస్తారు, రాసుకుంటారు, పారబోస్తారు. అంతకుముందు 24 గంటల వాన ఆ తేదీ కింద పడుతుంది. 2.5 మిల్లీమీటర్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితేనే ఆ రోజు వాన రోజు కింద లెక్క.

మా వంశం పాతది. ధాన్యాగారం ముందు మూరెడు మూతి ఉన్న పాత్ర పెట్టి వాన కొలవమని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో చెప్పాడు. ఏ దేశంలో ఎంత వాన పడుతుందో ద్రోణాలనే కొలతలో లెక్క ఇస్తూ అశ్మక దేశానికి పదమూడున్నర అన్నాడు. ఆ అశ్మకుల రాజధాని మా పొరుగునున్న బోధనే అని చాలామంది చరిత్రకారుల మాట. ఆ గ్రంథంలోనే ఇంకో సంగతి ఉంది. మొత్తం వానలో మూడో వంతు మొదటి, చివరి నెలల్లో పడి, మిగిలిన రెండు వంతులు నడిమి నెలల్లో పడితే అది మంచి కాలమట. ఎంత పడిందన్న దానితోపాటు ఎప్పుడు పడిందో కూడా చూడాలని అంత పాతకాలంలోనే గుర్తించారు. తర్వాత 1441లో కొరియాలో సేజోంగ్ రాజు కాలాన మా జాతి పాత్రలు వచ్చాయి. 1860లో ఇంగ్లండులో సైమన్స్ అనే ఆయన ఊరూరా వాన కొలిచేవాళ్లను కూడగట్టడం మొదలుపెట్టాడు. మన దేశంలో చాలాకాలం నడిచిన మా అన్నల తరం మాపకానికి ఆయన పేరే ఉంది.

నాకు కళ్లు లేవు గాని చెవులు గట్టివి. ఏడాది పొడుగునా నా చుట్టూ నడిచే ముచ్చట వాన ముచ్చటే. ఉగాది నాడు గుళ్లో పంచాంగం చదువుతుంటే ఈసారి ఎన్ని తూముల వాన, అందులో సముద్రానికి ఎన్ని పాళ్లు, కొండలకు ఎన్ని, భూమికి ఎన్ని అని అందరూ చెవులు రిక్కించి వింటారు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు దుక్కులు దున్ని పెట్టుకుంటారు. మిరుగం నాడు చేపలు తిని మొగులు దిక్కు చూస్తారు. అప్పటినుంచి టీ కొట్టు దగ్గర, బస్టాండులో, కామారెడ్డి బెల్లం మార్కెట్లో కలిసిన ఇద్దరి నోట మొదటి మాట ఇదే.

"మీ దిక్కు పడ్డదా బావా?"

"ఏడ పడ్డది! మొగులు అట్లనే వచ్చె, అట్లనే పాయె. లింగంపేట దిక్కు దంచికొట్టిందట."

ఇది పొద్దుపోని మాట కాదని నాకు తెలుసు. ఈ ఇద్దరి మాటలో విత్తనాల ఖర్చు ఉంది, కూలీల లెక్క ఉంది, బిడ్డ పెండ్లి ఉంది. తొలివానకు తొందరపడి మక్క, సోయా, పెసర పెడితే, తర్వాత పదును ఆరితే, మొలక మాడిపోతుంది. మళ్లీ విత్తనం కొనాలి. అందుకే పెట్టేముందు పదిమందిని అడుగుతారు. ఒక ఊళ్లో పడి పక్క ఊళ్లో పడకపోవడం వానకాలంలో మామూలే గనుక, మండలానికంతటికీ నా సీసా ఒక్కటే చాలదు. నేను చూడలేని ఊళ్ల సంగతి ఇలా అడిగే మాటల్లోనే తెలిసేది. ఇప్పుడు తనంతట తానే లెక్క పంపే వాతావరణ కేంద్రాలు జిల్లాలో చాలాచోట్ల వచ్చాయి. అయినా చేన్లో పదును ఎంత లోతుకు దిగిందో మడమతో తొక్కి చూసిన మనిషే చెప్పాలి.

గల్ఫుకు పోయినవాళ్లు లేని ఊరు మా జిల్లాలో అరుదు. దుబాయి నుంచి కొడుకు ఫోన్ చేసి, "అమ్మా, వాన పడ్డదా?" అంటాడు. బాగున్నావా, బాకీ కట్టగలమా, నేను ఇంకెన్నాళ్లు ఇక్కడ ఉండాలి అనేవి ఆ ప్రశ్నలోనే ఉన్నాయి.

వాన గురించి ఇంతగా మాట్లాడుకునేది మనమొక్కరమే కాదు. ఐర్లండులో మనిషికి మనిషి ఎదురైతే పలకరింపు వాతావరణమే. ఆ దేశపు తూర్పు సగంలో ఏడాదికి పడేది 750 నుంచి 1000 మిల్లీమీటర్లు. తెలంగాణ సగటు 905. కొలతలో పెద్ద తేడా లేదు. కానీ అక్కడ ఆ వాన ఏడాదంతా సన్నగా, తూర్పున దాదాపు 150 రోజులు, పడమట 225 రోజుల వరకు పడుతుంది. ఇక్కడ చాలామట్టుకు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడిపోవాలి. అక్కడి రైతుకు కోసిన గడ్డి ఆరడానికి నాలుగు పొడి రోజులు కావాలన్న దిగులు. ఇక్కడి రైతుకు ఆ నాలుగు నెలల్లో నాట్లకు సరిపడా చెరువు నిండాలన్న దిగులు. రెండూ నిజమైన దిగుళ్లే.

నేను కరువు చూశాను. 2015లో ప్రభుత్వం ప్రకటించిన 231 కరువు మండలాల్లో అప్పటి నిజామాబాద్ జిల్లాలోని 36 మండలాలూ ఉన్నాయి. ఆ ఏడు ఎన్నో పొద్దులు నా సీసాలో దుమ్ము తప్ప ఏమీ లేదు. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్‌ను నమ్ముకున్న ఆయకట్టు నోరు తెరుచుకుంది. కరువు వచ్చినప్పుడల్లా మా ఊళ్లలో పిల్లలు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి కప్పతల్లి ఆడతారు. గుళ్లలో విరాటపర్వం చదివిస్తారు. ఒక ముసలవ్వ కంచె దగ్గరికి వచ్చి, "డబ్బల ఏమన్న ఉన్నదా బిడ్డా?" అని అటెండరును అడిగేది. "లేదవ్వా" అనడానికి అతనికి నోరు వచ్చేది కాదు. "రేపు చూద్దాం అవ్వా" అనేవాడు. ఆ పొద్దుల్లో రిజిస్టరులో సున్నానే పడేది. అతని మాటలో మాత్రం రేపటి మీద ఆశ ఉండేది.

వరదా చూశాను. 2025 ఆగస్టు 27, వినాయక చవితి. పందిళ్లలో గణపతులు కూర్చోకముందే ఆకాశం విరుచుకుపడింది. 24 గంటల్లో 20 సెంటీమీటర్లు దాటితేనే అత్యంత భారీ వర్షం అంటారు. రాజంపేట మండలం ఆర్గొండలో 40 సెంటీమీటర్లకు పైగా పడింది. కామారెడ్డి కాలనీల్లో ఇళ్లు మునిగాయి. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. 44వ జాతీయ రహదారి మీద బండ్లు ఆగాయి. 1922 నాటి పోచారం ప్రాజెక్టు కట్ట మీదుగా నీళ్లు దూకుతుంటే కింది ఊళ్లవాళ్లకు ఆ రాత్రి నిద్ర లేదు. "కట్ట ఆగిందా?" అని ఒక ఊరు ఇంకో ఊరికి ఫోన్ చేస్తూనే ఉంది. పక్కన మట్టి కోసుకుపోయినా రాతి కట్ట నిలిచింది. ఆ గంటల్లో వాన ముచ్చటే మనుషులను లేపింది, ఎత్తుకు నడిపించింది.

ఎండాకాలంలో పడే వాన బాధ వేరు. కోసిన వడ్లు కొనుగోలు కేంద్రంలో కుప్పలుగా ఉంటాయి. తేమ 17 శాతం దాటితే తూకం కాదు. అప్పుడు పడే పది మిల్లీమీటర్ల కోసం ఇంటిల్లిపాదీ పరదాలు పట్టుకుని ఉరుకుతారు. మక్క పూతకు వచ్చిన రోజున పడితే ఆ పదే వరం. రెండు రోజులూ నేను రాయించేది 10 అనే అంకెనే. అది అక్కరకు పడిందా, ఆగం చేసిందా అన్నది నా గాజు గ్లాసులో కనిపించదు. జనం మాటల్లోనే దొరుకుతుంది.

అందుకే నాదొక కోరిక. వాన ముచ్చటను పనిలేని ముచ్చట అని ఎవరూ తీసిపారేయవద్దు. నా లెక్కను ఆఫీసు రిజిస్టరులోనే ఉంచకుండా రోజూ గ్రామ పంచాయతీ బోర్డు మీద రాయండి. దాని పక్కన ఏ చేను ఎండుతోందో, ఏ చెరువు మత్తడి దుంకుతోందో, ఏ వాగు దాటరాదో ఊరివాళ్లే రాయండి. బడిపిల్లలతో రాయించండి, వాళ్లకు కొలవడమూ నేర్పండి. అంకె, మాట ఒకే బోర్డు మీదికి వస్తే విత్తనం పెట్టే రోజూ, ఇల్లు విడిచి ఎత్తుకు పోవాల్సిన రాత్రీ ఊరికి ముందుగా తెలుస్తాయి.