ఎండిన ఏటికి మురికి అంటదు

చిత్రావతి కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం కొండల్లో పుట్టి, పుట్టపర్తి, ధర్మవరం, బత్తలపల్లె ప్రాంతాల మీదుగా పోయి పెన్నలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. నీళ్ళు లేనిది నదే కాదు, నదే లేనప్పుడు దానికి కాలుష్యమేమిటనే సిద్ధాంతం ఈ ఇసుకలోనే పుట్టింది. దాని ప్రకారం నేల మూడు విధాలు. పట్టా భూమికి కంచె, పోరంబోకుకు ఆక్రమణ, వంకకు చెత్త.

వంకకు చేరే సరుకులో పెళ్ళి గ్లాసులు, నీళ్ళ ప్యాకెట్లు చిల్లర బాపతు. టోకు సరుకు చేలది. కరువు సీమలో బొట్టు బొట్టూ లెక్కే కాబట్టి డ్రిప్ వచ్చింది, దాని వెంట నేలపై పరిచే ప్లాస్టిక్ మల్చింగ్ షీటు వచ్చింది. తేమ నిలుపుతుంది, కలుపు ఆపుతుంది, మేలే. డ్రిప్ పైపులు పాడైతే పాతసామాన్లవాడు కొంటాడు. మట్టి కరుచుకున్న షీటును ఊరికే ఇచ్చినా తీసుకోడు. టమోటా కోతలయ్యాక లాగితే పేలికలుగా చిరుగుతుంది. చేతికొచ్చింది వంకగట్టున కంపచెట్ల కిందికి పోతుంది, లేదా అగ్గిపాలవుతుంది. రానిది రోటవేటరు కింద తునకలై చేలోనే ఉంటుంది. పరిచేందుకు సబ్సిడీ ఉంది. తీసి ఎక్కడ వేయాలన్నది మాత్రం రైతు స్వేచ్ఛ.

చట్టం చూపు మరీ సూక్ష్మం. 2022 జూలై 1న స్ట్రాలను, ప్లాస్టిక్ ప్లేట్లను నిషేధించింది. ఆ ఏడాది చివరి నుంచి సంతలో టమోటాలు వేసిచ్చే ప్లాస్టిక్ సంచి 120 మైక్రాన్లకు తగ్గకూడదంది. ఆ టమోటాలు పండిన చేలోని షీటు 25, 30 మైక్రాన్లే. అది నిషేధిత జాబితాలో లేదు.

సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిసే సీమ ఇది. ఆ కాస్త వానలో చాలా భాగం కొద్దిరోజుల్లోనే దంచికొడుతుంది. 2021 నవంబరులో చిత్రావతి పొంగి, వెల్దుర్తి దగ్గర ఏట్లో చిక్కుకున్నవారిని హెలికాప్టరుతో బయటికి తేవలసివచ్చింది. సిద్ధాంతం ప్రకారం అక్కడ నదే లేదు. వరద తీశాక కంపకొమ్మలకు వేలాడే కవర్లు నీళ్ళెంత ఎత్తున పారాయో చెబుతాయి. కొలబద్ద ఖర్చు మిగిలినట్టే.

సముద్రానికి చేరే ప్లాస్టిక్‌ను పెద్ద నదులకన్నా ఊళ్ళ గుండా పారే చిన్న నదులే ఎక్కువగా మోస్తున్నాయని 2021లో ఒక అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. చిత్రావతికి అంత దూరం మోసే పని లేదు, దారిలోనే పార్నపల్లె జలాశయం ఉంది. తాగునీటి పథకాలకు నీళ్ళు వెళ్ళేది అక్కడినుంచే.

షీటు అమ్మినవారే పాతది వెనక్కి తీసుకోవాలనే నిబంధన, ఎండినా వంక వంకేనని చెప్పే హద్దురాళ్ళు: ఈ రెండూ వచ్చే వానల్లోపు కావాలి.