పది గిగాబిట్ల పెద్దమనిషి

ఇంట్లో సొంతంగా సర్వర్లు నడుపుకునే శాల్తీని గుర్తుపట్టడం తేలిక. హైదరాబాద్ అపార్టుమెంటులో అటక మీద సూట్‌కేసులు ఉండాల్సిన చోట ఒక ర్యాక్ ఉంటుంది. అందులో ఏదో డేటా సెంటర్‌లో సర్వీసు చేసి రిటైరైన స్విచ్. దాని ఫ్యాన్ల మోతకి వంటింట్లోంచి "ఒరేయ్, ఆ మిక్సీ ఆపరా" అని అమ్మ కేక. బయటినుంచి ఇంటికొచ్చే ఇంటర్నెట్ 300 మెగాబిట్లే అయినా, ఇంట్లో తిరిగే తీగ మాత్రం 10 గిగాబిట్లదై తీరాలి. ఎందుకండీ అంటే ఆయన నోటితో జవాబివ్వడు, ఐపెర్ఫ్ అనే ప్రోగ్రాం తెరుస్తాడు. నల్లటి తెర మీద సెకనుకో వరుస చొప్పున 9.4, 9.4, 9.4 అని దిగుతుంటే, మనవడి తొలి అడుగులు చూసే తాతలా మురిసిపోతాడు.

ఐపెర్ఫ్ మామూలుగా ఒక మెషిన్ ర్యామ్‌లోంచి ఇంకో మెషిన్ ర్యామ్‌లోకి పంపుతుంది, డిస్కు జోలికే పోదు. నా పేచీ అక్కడే. ఆయన కొలిచేది తీగని, రోజూ ఎదురుచూసేది డిస్కు కోసం. ఒక గిగాబిట్ తీగలో సెకనుకి సుమారు 110 మెగాబైట్లు నడుస్తాయి. మామూలు తిరిగే హార్డ్‌డిస్కు పెద్ద ఫైలు చదివేటప్పుడు, మంచి ఊపులో ఉంటే, 200 పైచిలుకు ఇస్తుంది. అంటే వంద గిగాబైట్ల పెళ్ళి వీడియోకి ఒక గిగాబిట్ మీద పావుగంట, రెండున్నర గిగాబిట్ల మీద ఎనిమిది నిమిషాలు. మరి పది గిగాబిట్ల మీద? అదే ఎనిమిది నిమిషాలు. డిస్కు అంతకన్నా పరిగెత్తదు కాబట్టి మిగతా తీగ గాలి పీల్చుకుంటూ కూర్చుంటుంది. ఇక వేలకొద్దీ చిన్న ఫొటోలైతే ఒక గిగాబిట్ కూడా నిండదు. సినిమాల సంగతంటారా, 4కే బ్లూరే డిస్కుకి గరిష్ఠంగా 144 మెగాబిట్లు చాలు. నాలుగు గదుల్లో నాలుగు సినిమాలు ఒకేసారి ఆడినా పాత గిగాబిట్‌లో సగానికి కాస్త పైన.

రెండున్నర చాలన్న లెక్క, వేరే దారిలోనైనా, పరిశ్రమకీ తట్టింది. రాగి తీగ మీద 10 గిగాబిట్ల ప్రమాణం 2006లో వస్తే, రెండున్నర, అయిదు గిగాబిట్ల ప్రమాణం పదేళ్ళు ఆగి 2016లో వచ్చింది. ముందుకు పోవాల్సిన వాళ్ళు వెనక్కి నడిచారంటే కారణముంది. అప్పటికి వైఫై పెట్టెలు గిగాబిట్ దాటుతున్నాయి. గోడల్లో ఉన్న క్యాట్ 5ఈ తీగని పీకడానికి ఏ ఆఫీసూ సిద్ధంగా లేదు. ఆ తీగే వంద మీటర్ల దాకా రెండున్నర మోస్తుంది. బిల్డరు మన గోడల్లో తోసిందీ సాధారణంగా అదే.

"భవిష్యత్తు మాటేమిటి?" అంటాడు శాల్తీ. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. భవిష్యత్తు మీద అంత బెంగుంటే గోడలో క్యాట్ 6ఏ తీగ వేసుకోవాలి, ఎందుకంటే గోడ మళ్ళీ పగలగొట్టడం కష్టం. స్విచ్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, పైగా ఏటికేడు చవకవుతుంది. "నేర్చుకోవడానికండీ" అన్నది కాస్త బరువైన మాటే. కానీ వీల్యాన్లు, రూటింగ్, ఫైర్‌వాల్ ఇవన్నీ ఒక గిగాబిట్ మీదా ఇలాగే పాడవుతాయి, ఇలాగే బాగవుతాయి. పది గిగాబిట్లు అదనంగా నేర్పే పాఠం చాలావరకు వేడి గురించి, కరెంటు గురించి: వంద వాట్లు తాగే స్విచ్‌ని రాత్రీపగలూ ఉంచితే నెలకి 72 యూనిట్లు, ఆపైన స్లాబు మారితే ఇంట్లోవాళ్ళ చూపులు.

నిజంగా అవసరమున్నవాళ్ళు లేకపోలేదు. నెట్‌వర్క్ మీదున్న ఎన్‌వీఎంఈ డిస్కుల్లోంచే వీడియో ఎడిట్ చేసేవాళ్ళు, వర్చువల్ మెషిన్ల డిస్కుల్ని వేరే పెట్టెలో ఉంచేవాళ్ళు, అరడజను హార్డ్‌డిస్కులు కలిపి నడిపేవాళ్ళు రెండున్నరని ఇట్టే నింపేస్తారు. వాళ్ళకైనా ఇల్లంతా పది అక్కర్లేదు; పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం ఎందుకు? అంత డేటా ఇచ్చిపుచ్చుకునే రెండు మెషిన్లలో చెరో పాత పది గిగాబిట్ల కార్డు పెట్టి, మధ్యన డాక్ అనే రాగి కేబుల్ ఒకటి బిగిస్తే సరి. స్విచ్ లేదు, మోత లేదు. ఈ సలహా మన పెద్దమనిషికీ ఇవ్వచ్చు. శ్రద్ధగా వింటాడు, కేబుల్ కూడా కొంటాడు. కాకపోతే దాని పక్కనే సెకండ్‌హ్యాండ్ 40 గిగాబిట్ల కార్డులు చవగ్గా కనబడితే, అవి రెండూ తీసుకుంటాడు.